కొండదారిలో తోలుబూటు

(ఉన్నత తరగతుల కొండయాత్రకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను కాలినడకను ఏలగిరి కొండ యెక్కింప నిశ్చయించితిమి. ఆ వార్త ఇండ్లకు చేరిన మరునాటినుండి మా కార్యాలయమునకు వచ్చిన తల్లిదండ్రులలో పెక్కురు ఒకే ప్రశ్న వేసిరి. "అయ్యా, పిల్లవాడికి తోలుబూట్లు కొనమంటారా?" అని. అడిగినది చిన్న ప్రశ్నయే గాని, దాని వెనుక నున్న ఖర్చు చిన్నది కాదు. మంచి తోలుబూట్ల జత వెల కొన్ని కుటుంబములలో ఒక నెల బియ్యము, పప్పుల ఖర్చును మించును. అంత సొమ్ము వెచ్చించునపుడు ఆ వస్తువు ఏ పనికి నిలుచును, ఎంతకాలము నిలుచును, ఎందువలన చెడును అని ముందుగా విచారించుట గృహస్థునకు విధి. "ఒకసారి కొంటే జన్మంతా వస్తుంది" అని అంగడివాడు చెప్పు మాట సగము నిజము. తక్కిన సగమును నేడు మీ యెదుట ఉంచదలచితిమి.

మీలో పలువురు ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ కర్మాగారములలో పనిచేయువారు. తోలును గూర్చి మీ చేతులకు తెలిసినంత మా పుస్తకములకు తెలియదు. ఐనను నలుగురికి ఉపయోగపడునట్లు విషయమును ఒకచోట కూర్చి చెప్పుట ఉపాధ్యాయుల పని గనుక సాహసించుచున్నాము.

మొదట తోలు అనగానేమో చూతము. పచ్చి చర్మమును అట్లే విడిచినచో కుళ్ళును. ఊరక ఎండబెట్టినచో రేకువలె బిరుసెక్కి విరుగును. ఆ చర్మమున కొలాజెన్ అను మాంసకృత్తు సన్నని పోగులై, జడ అల్లినట్లు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండును. చెట్ల బెరళ్ళలోను, కొన్ని కాయలలోను ఉండు వగరు పదార్థము ఆ పోగులను పట్టుకొని, కుళ్ళకుండ కాపాడును. తోలు పదునుచేయుట యన నిదియే. మన పెద్దలు ఇందుకు తంగేడు చెక్కను, తుమ్మ చెక్కను, కరక్కాయను వాడిరి. బతుకమ్మను పేర్చు పూవు, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము అయిన ఆ తంగేడే ఇది. దాని బెరడుతో పదునైన దక్షిణదేశపు తోళ్ళు మద్రాసు రేవునుండి ఓడలమీద ఇంగ్లండునకు పోయి, అచ్చట 'ఈస్టిండియా తోళ్ళు' అను పేరుతో అమ్ముడుపోయెడివి.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్స్ అను నతడు క్రోమియము లవణములతో తోలు పదునుచేయు పద్ధతికి పేటెంటు పొందెను. బెరడుతో వారములు, నెలలు పట్టెడు పని దానివలన కొలది దినములలో ముగియసాగెను. ఈ రెండు తోళ్ళకు గుణభేదము కలదు. బెరడుతో పదునైన తోలు గట్టిది, ఆకారమును నిలుపుకొనునది. కాని నీట నానియున్నపుడు వేడి తగిలినచో ముడుచుకొనిపోవును. క్రోము తోలు మెత్తనిది. మరుగునీటిని సైతము తట్టుకొనును. నేటి కొండబూట్ల పైతోలు పెక్కింట క్రోముతోనో, రెండు పద్ధతులు కలిపియో తయారగుచున్నది.

అన్ని తోళ్ళును ఒక్కటి గావు. చర్మమున వెండ్రుకలుండు వైపు పొరలో పోగులు మిక్కిలి దట్టముగా నుండును. ఆ పొరను గీకకుండ, అరగదీయకుండ ఉంచిన తోలు నీటిని, రాపిడిని ఎక్కువ ఓర్చును. లోపలి పొరను వేరుగా చీల్చి, పైన రంగుపూత పూసి అమ్మునదియు తోలే. కాని దాని అందము ఆ పూత ఉన్నంతవరకే. కొండబూటునకు సాధారణముగ 2.5 మొదలు 3 మిల్లీమీటర్ల దళసరి తోలు వాడుదురు. పైభాగము ఎంత తక్కువ ముక్కలతో కుట్టబడిన అంత మేలు. ఏలయన కుట్టు ఉన్నచోటనే నీరు దూరును, కుట్టు ఉన్నచోటనే మొదట చిరుగును.

ఇక అడుగు సంగతి. పూర్వము కొండబూట్ల అడుగులు కూడ తోలువే. జారకుండుటకు వాటికి ఇనుప మేకులు కొట్టెడివారు. 1924లో ఎవరెస్టు శిఖరముపై అదృశ్యులైన జార్జి మలోరీ, ఆండ్రూ ఇర్విన్ అను ఇంగ్లీషువారు ధరించినవి అట్టి బూట్లే. 1999 మే 1వ తేదీన మలోరీ శరీరము కనబడినపుడు ఒక కాలికి మేకులబూటు ఇంకను ఉండెను. 2024లో రోంగ్‌బుక్ హిమానీనదమున ఇర్విన్ పాదము మేజోడుతో, బూటుతో బయటపడెను. నూరేండ్లైనను తోలు తోలుగానే యుండెను. ఇది విని "చూచితిరా, తోలు నూరేండ్లు నిలుచును!" అని సంతోషింపరాదు. మంచులో కదలక పడియుండుట వేరు, కాలికి తొడిగి నడచుట వేరు. మన ప్రశ్న నడకకు సంబంధించినది.

మేకుల అడుగులకు రెండు దోషములుండెను. నున్నని రాతిపై అవి జారును. ఇనుము వేడిని గుంజుకొనుటచే పాదములు చల్లబడును. 1935లో ఇటలీ దేశపు ఆల్ప్సు పర్వతములలో పుంటా రాసికా అను శిఖరముపై తుపానులో చిక్కి ఆరుగురు పర్వతారోహకులు చలికి మరణించిరి. నిట్టనిలువు రాతిని ఎక్కుటకు వారు తొడిగిన పలుచని జోళ్ళు మంచులో దిగుటకు పనికిరాకపోయెను. వారి సహచరుడైన విటాలే బ్రమాని ఆ దుఃఖమునుండియే ఒక ఆలోచన చేసెను. రాతికిని, మంచునకును ఒకే అడుగు చాలునట్లు, లోతైన గాళ్ళు గల రబ్బరు అడుగును 1937లో రూపొందించెను. అతని పేరులోని అక్షరములతోనే దానికి 'వైబ్రమ్' అను పేరు వచ్చెను. పైన దళసరి తోలు, క్రింద గాళ్ళ రబ్బరు: నేడు మనము సంప్రదాయపు కొండబూటు అనునది ఈ రెంటి కలయికయే.

అట్టి బూటు వాడుకలో ఎట్లు నిలుచునో క్రమముగా చెప్పెదము.

కొత్త తోలుబూటు మొదట కాలికి శత్రువు. దాని బిరుసుదనము మడమను, చిటికెనవ్రేలిని ఒరసి బొబ్బలెక్కించును. రెండుమూడు వారములు రోజుకొక గంట ఇంటిలోను, తరువాత వీధిలోను, ఆపైన చిన్న గుట్టలపైని తొడిగి నడచినగాని అది దారికి రాదు. ఒకసారి దారికి వచ్చిన పిమ్మట తోలు పాదపు ఆకారమును పట్టి, ఆ పాదమునకే సొంతమగును. ఇతర పదార్థములకు లేని గొప్పగుణ మిది. ఒకరి కాలికి మరగిన బూటు మరియొకరికి హాయి నీయకుండుటకు కారణము కూడ నిదియే.

రాతి రాపిడికి తోలు బాగుగా నోర్చును. బట్టతో చేసిన జోడు ముల్లు తగిలినచో చిరుగును. దళసరి తోలుపై గీత మాత్రము పడును. చీలమండ బెణకకుండ, రాయి తగిలి గాయపడకుండ ఎత్తైన తోలు కొంత కాపాడును. చినుకులకు, మంచుపడిన గడ్డికి కొంతసేపు ఓర్చును. గంటల తరబడి తడిసిన పిమ్మట మాత్రము తోలు నీటిని త్రాగును. అట్లు త్రాగిన బూటు బరువెక్కును. ఆరుటకు ఒకటి రెండు దినములైనను పట్టును.

పెక్కు బూట్లు చెడునది తడియుటవలన గాదు, తడిసిన తరువాత ఆరబెట్టు తీరువలన. పొయ్యిదగ్గర నుంచుట, మన మిట్టమధ్యాహ్నపు ఎండలో పారవేయుట తోలునకు ప్రాణాంతకము. లోని కొవ్వు పోయి, పోగులు ఒకదానికొకటి అంటుకొని బిరుసెక్కి, వ్రేళ్ళు మడుచుకొనుచోట పగుళ్ళు వేయును. ఆ పగులును ఏ మైనమును తిరిగి అతుకజాలదు. బురదను తడిగుడ్డతో తుడిచి, లోపలి అట్టను తీసి, పాత వార్తాపత్రికలు కుక్కి, తడిసిన కాగితములను మార్చుచు, నీడలో గాలి తగులుచోట నుంచవలెను. ఆరిన పిదప తేనెమైనము కలిసిన పూతను పలుచగా పూసి గుడ్డతో రుద్దవలెను. నూనె, కొవ్వు అధికముగా పట్టించినచో తోలు మరీ మెత్తనై చీలమండను నిలుపు బిగువు పోవును. అన్నమునకు ఉప్పువలె దానికిని మితము కావలెను.

చెమటను కూడ మరువరాదు. చెమటలోని ఉప్పు లోపలినుండి తోలును తినును. అందుచే దినమంతయు నడచిన బూటును మరునాడు మరల తొడుగుటకు ముందు వీలైనంత ఆరనీయవలెను. వానకాలమున అటకపై పెట్టి మరచిన బూటునకు బూజు పట్టును. సముద్రతీరపు ఊళ్ళలో నుండు మన బంధువులకు ఈ మాట చెప్ప నక్కరలేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను బూటులో కొన్ని భాగములు ముందుగా అరుగును. మడమ లోపలి అస్తరు చిరుగును, అడుగు రబ్బరు గాళ్ళు నునుపెక్కును, కుట్టుదారములు తెగును. తోలు అన్నిటికంటె చివర చెడును. కావున బూటు కొనునపుడు చూడవలసినది మెరుపు గాదు. అడుగును విప్పి మరల వేయుటకు వీలున్నదా యని. అంచు చుట్టును దారముతో కుట్టిన అడుగును ఊడదీసి కొత్త దానిని వేయవచ్చును. ఒక్క జిగురుతో అంటించినది ఊడినచో మరల నిలుపుట కష్టము. అందమునకై పైపైన కుట్టువలె గీసిన అడుగులును కలవు. వ్రేలితో తడవి, దారము నిజముగా లోనికి దిగినదా యని చూచుకొనుడు. అంగడివాడు చెప్పిన "జన్మంతా" అను మాటకు అర్థ మిది: తోలు నిలుచును, అడుగు మారుచుండవలెను. మరమ్మతు లేని మన్నిక తోలుబూటునకు లేదు.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. వాడిన బూటు చెడునని అందరికి తెలియును. వాడక దాచిన బూటు కూడ చెడునని పలువురకు తెలియదు. నేటి బూట్లలో పెక్కింటికి తోలునకును రబ్బరునకును నడుమ పాలీయురేథేన్ అను మెత్తని పదార్థపు పొర యుండును. గాలిలోని తేమ సోకి ఆ పొర ఏండ్లు గడచినకొలది పొడిపొడి యగును. పై తోలు కొత్తదివలె నిగనిగలాడుచునే యుండును. కొన్నేండ్ల క్రిందటి యాత్రలో మన విద్యార్థి యొకడు తన మేనమామ పెట్టెలో పెట్టి దాచిన బూట్లు తొడిగి వచ్చెను. సగము దారిలో రెండు అడుగులును నానిన రొట్టెవలె విడిపోయినవి. తువ్వాలు చించి కట్టు కట్టి, ఇద్దరు మిత్రుల భుజములపై చేతులు వేయించి వానిని దింపితిమి. ఆ మేనమామ ఎన్నో రాత్రులు అదనపు పనిచేసి కొనిన బూట్లవి. మేనల్లుని కొరకే ముట్టకుండ దాచెను. ప్రేమలో లోపము లేదు. వస్తువు స్వభావము తెలియకపోవుటయే లోపము. దాచిన బూటును యాత్రకు ముందు చేతితో వంచి, అడుగును బొటనవ్రేలితో నొక్కి, రెండుమూడు దినములు వీధిలో నడచి చూడవలెను.

తోలుబూటు దోషములను కూడ దాచరాదు. మొదటిది బరువు. దళసరి తోలుబూట్ల జత ఒకటిన్నర కిలోగ్రాముల వరకును, అంతకు మించియు తూగును. కాలిమీది ఒక కిలో వీపుమీది అయిదు కిలోలతో సమానమని కొండలెక్కువారి నానుడి. పెరుగు వయస్సులోని బిడ్డ వేల అడుగులు వేయవలసిన దారిలో ఇది చిన్న మాట గాదు. రెండవది ఆరుటలోని ఆలస్యము. మూడవది, మనకు ముఖ్యమైనది, పిల్లల పాదములు పదునాలుగు పదునారేండ్ల వరకు పెరుగుచునే యుండుట. రెండు వారములు కష్టపడి మరపిన బూటు మరుసటి వేసవికి ఇరుకగును. పదేండ్లు నిలుచు వస్తువును ఒక్క యేడు తొడుగు కాలికి కొనుట పొదుపు కాజాలదు.

ఎత్తైన మంచుకొండలలో కూడ తోలు తన స్థానమును విడిచినది. 1980 దశాబ్దమునాటికి అచ్చట ప్లాస్టికు బూట్లు వ్యాపించెను. వాటి వెనుక తేలికయైన కృత్రిమ పదార్థములు వచ్చెను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము చేరునాటికి ఆమె వయస్సు పదునాలుగేండ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన ఆ బిడ్డ భువనగిరి కొండరాతిపై మొదటి పాఠములు నేర్చినది. ఆమెను పైకి చేర్చినవి శిక్షణ, క్రమశిక్షణ, తగిన పరికరములు. ఏ కొండకు ఏది తగునో అది తొడుగుటయే వివేకము.

కావున మా సలహా ఇది. పిల్లలకు తోలుబూట్లు కొనవలదు. ఏలగిరి ఎత్తు సుమారు 1,100 మీటర్లు, అచ్చట మంచులేదు. గాళ్ళు గల రబ్బరు అడుగుతో, కాలికి ముందుగనే అలవాటైన తేలికయైన బట్టజోళ్ళు చాలును. వ్రేళ్ళకు ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ యుండవలెను. లేనిచో దిగునపుడు గోళ్ళు నల్లబడును. రెండు జతల మేజోళ్ళు ఇచ్చి పంపుడు. జోళ్ళు లేని విద్యార్థి యుండినచో తల్లిదండ్రులు మాతో ఒంటరిగా చెప్పిన చాలును. సంఘనిధినుండి ఏర్పాటు చేయుదుము. జోళ్ళు లేవను కారణమున ఏ బిడ్డయు ఇంట నిలిచిపోరాదు.

పాదములు పెరుగుట ఆగి, ఏటేట కొండలకు పోవువారికిని, అడవులలో, తోటలలో, రాళ్ళదారులలో పనిచేయువారికిని తోలుబూటు నేటికిని మంచి కొనుబడియే. అది వారితోపాటు ముదియును. ఎక్కువకాలము వాడుటలో ఇంకొక మేలు కూడ కలదు. తోళ్ళ కర్మాగారముల మురుగు మన పాలారు నదిని ఎంత పాడుచేసినదో మీరు కన్నులార చూచినవారే; 1996లో సుప్రీంకోర్టు ఆ విషయమున ప్రసిద్ధమైన తీర్పు నిచ్చినది. ఒక బూటును మరమ్మతు చేసి రెట్టింపు కాలము వాడినచో ఒక తోలు పదునుచేయు నీరు, రసాయనములు మిగులును.

కడపటి మాట. మరమ్మతుతోనే తోలుబూటు బ్రతుకునన్నచో, మరమ్మతు చేయు చేయిని గూర్చి చెప్పక ముగించుట న్యాయము గాదు. తమిళనాట తోలుపనిని తరతరములుగా చేసిన అరుంధతీయులలో ఎందరో ఇంట తెలుగు మాటాడువారు. మన భాషాకుటుంబములోని వారు. ఆరె, కత్తి, మైనపుదారము పట్టిన ఆ చేతికి సమాజము కూలి నిచ్చినది గాని గౌరవ మీయలేదు. 1941లో వెలువడిన 'గబ్బిలము'న జాషువ మహాకవి చెప్పులు కుట్టి జీవించు పేదవానిని కావ్యనాయకునిగా నిలిపెను. తెనాలి ప్రాంతపు యలవర్రులో రైతుకుటుంబమున పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలును శాస్త్రముగా నభ్యసించి, 1948లో మద్రాసున స్థాపింపబడిన కేంద్ర తోళ్ళ పరిశోధనాలయమునకు డైరెక్టరై, లోకమున దానికి కీర్తి తెచ్చిరి. 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదమున వారు అసువులు బాసిరి. తోలుపని చిన్నపని యని తలచువారికి వారి జీవితమే జవాబు.

పాఠశాల ప్రవేశపత్రమున తండ్రి వృత్తిని చెప్పునపుడు కొందరు పిల్లలు గొంతు తగ్గించుట మేము ఏటేట గమనించుచున్నాము. ఆ బిడ్డల తండ్రులు ఇచ్చటనే యున్నారు. యాత్రకు ముందు శనివారమునాడు ప్రతి విద్యార్థి జోళ్ళను పరీక్షించుటకు పాఠశాల వరండాలో ఏర్పాటు చేయుచున్నాము. ఆ పరీక్షను మేము చేయుటకంటె తోలుపని, కుట్టుపని తెలిసిన తండ్రులు చేయుట యుక్తము. మీరు వచ్చి, మీ బిడ్డల యెదుట, వారి సహాధ్యాయుల యెదుట, అడుగును వంచి చూచి, కుట్టును లాగి చూచి, ఇది పనికివచ్చును, ఇది పనికిరాదు అని చెప్పుడు. ఉపాధ్యాయులమైన మేము ఆనాడు మీ ప్రక్కన నిలిచి నేర్చుకొందుము. ఆ దినమున ఉదయము తొమ్మిది గంటలకు మీ రాకకై ఎదురుచూచుచుందుము.